మామిడి మొదలు తొలిచే పురుగు: పట్టుకోవడం, చంపడం, మళ్ళీ రానివ్వకుండా కాపాడుకోవడం

హొసకోట దాటి నందగుడి వైపు వెళ్తే మాకో చిన్న మామిడి తోట ఉంది. నాన్న స్వయంగా గుంతలు తీసి పెట్టిన చెట్లు. వారమంతా బెంగళూరులో ఉద్యోగం, ఆదివారం పొద్దున్నే తోట. మనలాంటి తెలుగువాళ్ళు ఇక్కడ ఇలాంటి తోటలు పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. హొసకోట, దేవనహళ్ళి, చింతామణి, శ్రీనివాసపుర దాకా ఏ తోటలోకి వెళ్ళినా మన మాట వినిపిస్తుంది. ఈ వ్యాసం వాళ్ళకోసం.

మా తోటలో గట్టు పక్కన ఒక బాదామి (అల్ఫాన్సో) మామిడి చెట్టు ఉండేది. ఒక జూన్‌లో, సరిగ్గా కోతల సమయంలో, దాని తూర్పు కొమ్మ ఎండింది. కాయల బరువుకు చీలి ఉంటుందనుకున్నాం. మరుసటి ఏడు ఆ వైపు సగం చెట్టు ఆకు పసుపెక్కింది. మందుల అంగడాయన ఏదో సీసా ఇస్తే రెండుసార్లు ఆకుల మీద కొట్టించాం. ఆ తర్వాతి వానాకాలంలో మామూలు గాలికే చెట్టు మొదట్లో విరిగి పడిపోయింది. విరిగినచోట చూస్తే లోపల కొయ్య లేదు. బొటనవేలు దూరేంత సొరంగాలు, వాటి నిండా తడి పొట్టు, నా వేలంత పొడుగు పురుగులు. మందు కొట్టింది ఆకులకి, పురుగున్నది నేల మట్టానికి ఆరంగుళాల కింద. ఆ చెట్టు పోయాక నేను నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ పురుగుకి ఆకులూ కొమ్మలూ చూడకూడదు, చెట్టు కాళ్ళు చూడాలి. ఆకు చెప్పేసరికి రెండేళ్ళు ఆలస్యమైపోయి ఉంటుంది.

ఎవరీ పురుగు

పుస్తకాల్లో దీన్ని మామిడి కాండం తొలుచు పురుగు అంటారు. శాస్త్రీయ నామం బాటొసెరా రూఫోమాక్యులేటా. పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబానిది. పెద్ద పురుగు ఒకటిన్నర నుంచి రెండంగుళాల పొడుగు, బూడిద గోధుమ రంగు. మెడ మీద రెండు నారింజ రంగు మచ్చలుంటాయి, మూత్రపిండాల ఆకారంలో. మీసాలు ఒంటికంటే పొడుగు. చేత్తో పట్టుకుంటే కిర్రు కిర్రుమని అరుస్తుంది. మెడ భాగాన్ని రాపాడించి చేసే చప్పుడది. పిల్లలు భయపడతారు గానీ విషం లేదు. కొరికితే మాత్రం నొప్పి పుడుతుంది, దవడలు అంత బలమైనవి.

నష్టం చేసేది మాత్రం దీని పిల్లపురుగు. మీగడ రంగు ఒళ్ళు, ముదురు గోధుమ తల, కాళ్ళుండవు. ముదిరాక మూడు నాలుగంగుళాలు పెరుగుతుంది. బెరడు కింద మెత్తటి కొయ్యని తింటూ మొదలుపెట్టి, లోపలికి, పైకి, కొన్నిసార్లు చెట్టు మొదలు నుంచి పెద్ద వేళ్ళలోకి దిగుతుంది. వేరు నుంచి పైకి నీళ్ళు, ఆకు నుంచి కిందికి ఆహారం పోయే దారులన్నీ ఆ బెరడు కిందే ఉంటాయి. చుట్టూ తొలిచేస్తే చెట్టుకి గొంతు బిగించినట్టే.

జీడిమామిడి ఉన్నవాళ్ళకి ఇంకో దగ్గరి చుట్టం తగులుతుంది, నియోప్లోసెడెరస్ ఫెర్రుజీనియస్. అది అసలు సిసలు వేరు తొలిచే పురుగు. ఎర్ర గోధుమ రంగు, మొదట్లోనూ వేళ్ళలోనూ గూడు కట్టి, ప్యూపా దశలో, అంటే పిల్లపురుగు పెద్దదిగా మారే దశలో, సున్నపు గుల్లలాంటి పెంకులో దాక్కుంటుంది. చింతామణి చుట్టుపక్కల జీడిమామిడి తోటలవాళ్ళకి కొత్త కాదు. కింద చెప్పే పద్ధతులన్నీ చాలావరకు దానికీ సరిపోతాయి.

ఏడాదిలో ఏ నెల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే ఏ పనీ వేళకి కాదు. వేసవి చివర జల్లులు పడ్డాక, మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా, పెద్ద పురుగులు చెట్ల లోపలి నుంచి బయటికొస్తాయి. వచ్చిన రంధ్రం ఇంచుమించు రూపాయి బిళ్ళంత వెడల్పు, గుండ్రం. రాత్రిపూట తిరుగుతాయి, లేత కొమ్మల బెరడు గీరి తింటాయి, దీపాలకి వస్తాయి. ఆడపురుగు చెట్టు మొదలు దగ్గర, లేదా కొమ్మ చీలినచోట, బెరడుని దవడలతో కొరికి, ఆ గాటులో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. జీవితకాలంలో రెండు వందల గుడ్ల దాకా పెట్టగలదు. వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో గుడ్డు పగులుతుంది. అక్కణ్ణుంచి నెలల తరబడి కొయ్య తినడమే. ప్యూపా కూడా ఆ సొరంగంలోనే. మన వైపు ఏడాదికి ఒక తరం.

ఇప్పుడు మన కోతల కాలం గుర్తు చేసుకోండి. బెంగళూరు చుట్టూ బాదామి మే నుంచి, తోతాపురి జూన్ జూలైల్లో. లాల్‌బాగ్‌లో మామిడి మేళా పెట్టేది కూడా అప్పుడే. అందరి కళ్ళూ పైన కాయల మీద. సరిగ్గా అప్పుడే కింద గుడ్లు పెట్టేస్తోంది. మేం చెట్టుని పోగొట్టుకున్నది ఇందుకే.

మొదటి అడుగు: పాదు తెరిచి చూడటం

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పిల్లపురుగులు ఇంకా చిన్నవి, బెరడుకి దగ్గరగా ఉంటాయి. ఏడాదికి ఒక్కసారే చూసే తీరిక ఉంటే అప్పుడే చూడండి. రెండోసారి జనవరిలో. మధ్యలో ఎప్పుడు పొట్టు కనిపించినా ఆ రోజే.

చెట్టు చుట్టూ ఒకటిన్నర రెండడుగుల మేర మట్టిని తొలికతో మెల్లగా ఆరంగుళాల లోతు తీయండి. పార వాడొద్దు. పార దెబ్బ తగిలిన బెరడే వచ్చే ఏడు గుడ్డు పెట్టే చోటు. పెద్ద వేళ్ళు మొదలయ్యే భుజాలు కనిపించాలి. కొబ్బరి పీచుతో లేదా మెత్తటి బ్రష్‌తో బెరడు మీద మన్ను తుడవండి. అప్పుడు వెతకాల్సింది నాలుగు సంగతులు: తడిగా ఉన్న నల్లటి మరక, కారి గడ్డకట్టిన బంక, రంపపు పొట్టు, వేలితో నొక్కితే లోపలికి పోయే బెరడు.

ఈ మట్టి తీసే పని మానేసి పైపైన చూసి వచ్చేవాళ్ళే ఎక్కువ. కాండంలో ఉన్న పురుగు పొట్టుని బయటికి తోస్తుంది కాబట్టి కనిపిస్తుంది. వేరులో ఉన్నది తోసేది మట్టిలోకే, అది అక్కడే ఇరుక్కుపోతుంది. పైన నేల శుభ్రంగా కనిపిస్తుంది. మా రెండో చెట్టులో పురుగుని పట్టుకున్నది ఇలా పాదు తీసినప్పుడే, పైన ఒక్క రవ్వ పొట్టు లేదు.

డ్రిప్ పైపు మొదటికి ఆనించి పెట్టి ఉంటే జరపండి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు మెత్తబడి పురుగుకీ, బూజుకీ రెండింటికీ సుఖంగా ఉంటుంది. మూడు నాలుగడుగులు దూరంగా, ఆకు నీడ అంచు వైపు పెడితే నీళ్ళు తాగే సన్న వేళ్ళకి అందుతాయి. మొదటికి మట్టి ఎగదోయడం కూడా ఆపండి.

రెండో అడుగు: ఇదేనా, వేరేదా

పొట్టు కనిపించగానే ఇదేనని తేల్చేయకూడదు. మొదటి చుట్టూ మట్టి గొట్టాలు పాకుతుంటే చెదలు. ఎండిన బెరడుని తింటాయి, చాలావరకు బతికున్న కొయ్య జోలికి పోవు. కొమ్మలు చీలే మూలల్లో పట్టుదారంతో అల్లిన పొట్టు పట్టీలు వేలాడుతుంటే అది బెరడు తినే గొంగళి, దాని రంధ్రం లోతు తక్కువ. గుండుసూది మొన దూరేంత చిల్లులు పదుల సంఖ్యలో, వాటినుంచి సన్న పిండి రాలుతుంటే అవి బుల్లి పెంకుపురుగులు. వాటి వెంట బూజు తెగులు కూడా ఉండొచ్చు, చెట్టు ఉన్నట్టుండి ఎండితే ఆలస్యం చేయకుండా నిపుణులకి చూపించాలి. పొట్టే లేకుండా బంక మాత్రం కారుతుంటే తెగులు అనుకోవాలి.

మన పురుగు పొట్టు వేరు. ముట్టుకుంటే నార తగులుతుంది. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే సన్న పేళ్ళలా, పిల్లపురుగు ముదిరేకొద్దీ ఇంకా మొరటుగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కొయ్య వాసన.

మూడో అడుగు: బతికుందా, వెళ్ళిపోయిందా

పాత రంధ్రంలో మందు పోస్తూ కూర్చుంటే డబ్బూ పోతుంది, చెట్టుకీ గాయం పెరుగుతుంది. ఉన్న పొట్టునంతా తుడిచేసి, కింద పాత తెల్లగుడ్డ పరిచి, నాలుగు రాళ్ళు పెట్టి రండి. మూడు రోజుల తర్వాత గుడ్డ మీద లేత రంగు తడి పొట్టు పడి ఉంటే లోపల ప్రాణి ఉంది. బూడిద రంగులో, ఎండి, చేత్తో నలిపితే పొడైతే అది పాతది. ఆదివారం మాత్రమే వెళ్ళగలిగితే తోట చూసుకునేవాళ్ళకి చెప్పి ఫోటో తీయించుకోండి. మా తోట చూసుకునే తమ్ముడు నాకు చేసిన మొదటి ఫోను నాకింకా గుర్తు: "అక్కా, గుడ్డ మీద అటుకుల మాదిరి రాలింది, ఇంకా తేమగానే ఉంది." ఆ వాక్యం విన్నాక సందేహం అక్కర్లేదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. గాలి లేని పూట, పొద్దున్నే, బెరడుకి చెవి ఆనించి రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి వినండి. ముదిరిన పురుగైతే గోరుతో చెక్క గీరినట్టు చప్పుడు వినిపిస్తుంది. నేను మొదటిసారి విన్నప్పుడు కడుపులో దేవినట్టయింది.

రంధ్రం రూపాయి బిళ్ళంత గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉండి, గుడ్డ మీద ఏమీ రాలకపోతే పెద్దది అయి ఎగిరిపోయిందన్నమాట. దాన్ని శుభ్రం చేసి మూసేయడమే.

నాలుగో అడుగు: బయటికి లాగడం

అసలు పని ఇదే, దీన్ని మించిన మందు నాకు కనిపించలేదు. కావలసినవి: పదునైన చిన్న కత్తి, సైకిల్ చువ్వ, సైకిల్ బ్రేకు తీగ ఒకటిన్నర అడుగు ముక్క, చేతి తొడుగులు, కళ్ళద్దాలు. చువ్వ కొసని పటకారుతో వంచి చిన్న కొక్కెం చేసుకోవాలి. బ్రేకు తీగ కొసన అరంగుళం మేర పోగులు విప్పాలి. చువ్వ తిన్నటి సొరంగానికి, తీగ వంకర సొరంగానికి. పోగులు విప్పిన కొస పురుగు ఒంటికి చిక్కుకుంటుంది.

పొట్టు వచ్చే చోట కుళ్ళిన బెరడుని మాత్రమే కత్తితో తీయండి, పచ్చగా ఉన్న బెరడు కనిపించగానే ఆపేయాలి. రంధ్రం మూతి దగ్గర కుక్కి ఉన్న పొట్టుని చువ్వతో లాగేసి, తీగని మెల్లగా తిప్పుతూ తోయండి. కొయ్య తగిలితే గట్టిగా ఆగిపోతుంది. పురుగు తగిలితే మెత్తగా, కొద్దిగా వెనక్కి తోసినట్టు ఉంటుంది. అది చేతికే తెలుస్తుంది, రెండు మూడు చెట్లు చేశాక పొరపాటు పడరు. అక్కడ రెండు మూడుసార్లు గట్టిగా పొడిచి తిప్పి లాగండి. తీగ కొసకి పాలమీగడ లాంటి తడి అంటితే పని అయినట్టే. పురుగు మొత్తం బయటికి రాకపోయినా ఫరవాలేదు, చీలిన పురుగు బతకదు. సొరంగం పైకి ఉందనుకుని ఆపకండి, కిందికి వేరు వైపు కూడా తీగ దింపి చూడాలి. ఒకే చెట్టులో నాలుగైదు ఉండటం మామూలే.

సెప్టెంబరులో దొరికిన చిన్నవాటికి ఇంత కష్టం లేదు. తడి మరక ఉన్నచోట బెరడు కొంచెం ఎత్తితే కిందే కనిపిస్తాయి, కత్తి మొనతో తీసేయొచ్చు. చెట్టుకి గాయం కూడా గోరంతే.

ఐదో అడుగు: రంధ్రంలో ఏం పెట్టాలి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. పాత కరపత్రాల్లో, అంగళ్ళలో, వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డుల్లో ఇప్పటికీ డైక్లోర్వాస్‌లో ముంచిన దూది, మోనోక్రోటోఫాస్ పోయడం, కార్బరిల్ పూయడం అని రాసి ఉంటుంది. ఇవన్నీ దేశంలో నిషేధమైనవే. కార్బరిల్ 2018లో ఆగింది. డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31తో ఆగింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం మీద 2023లో నిషేధం వచ్చింది. ఎండోసల్ఫాన్ అయితే 2011లోనే సుప్రీంకోర్టు ఆపేసింది. ఎక్కడో మూలన మిగిలిన సీసా తీసి ఎవరైనా చేతిలో పెడితే తీసుకోవద్దు. మనం తినే చెట్టు అది, పిల్లలు ఎక్కే చెట్టు. ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు రంధ్రంలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాలు తీసే వాయువు, శిక్షణ లేనివాళ్ళు ముట్టుకోవాల్సింది కాదు.

నేను చేసేది ఇది. పురుగుని తీగతో చంపాక, ఇంకా లోతుగా ఏదైనా మిగిలి ఉంటుందన్న అనుమానం ఉంటే కొంచెం దూదిని కిరోసిన్ లేదా పెట్రోల్‌లో తడిపి, పిండి, రంధ్రంలోకి తోసి, బంకమట్టితో గాలి చొరకుండా మూసేస్తాను. పెట్రోల్ కారేంతగా వద్దు, బతికున్న కొయ్యని కాలుస్తుంది. లేత చెట్లకి అసలే వద్దు. ఆ దగ్గర బీడీ, అగ్గిపుల్ల లేకుండా చూసుకోవాలి.

హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు ఈ పురుగు కోసమే, రంధ్రాన్ని మూస్తూ గాయాన్ని మాన్పే పూత మందొకటి తయారు చేశారు. బెంగళూరులో ఉంటూ దాన్ని వెళ్ళి అడగకపోవడం తప్పు. తుమకూరు రోడ్డు వైపు నుంచి వెళ్తే ఒక పూట పని. దొడ్డబళ్ళాపుర దగ్గర హాడోనహళ్ళిలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. పొట్టు ఒక ప్లాస్టిక్ సంచిలో, దొరికితే పురుగుని ఒక డబ్బాలో పట్టుకుని వెళ్ళండి. మాటలతో వర్ణించడం కంటే అది పది రెట్లు మేలు. రసాయనం వాడక తప్పదనుకుంటే పేరూ మోతాదూ వాళ్ళ చేత రాయించుకోండి, అంగడిలో కాదు.

వేళ్ళలోకి దిగిన పురుగుకి తీగ చేరదు. అక్కడ బతికున్న మందులు పనికొస్తాయి. మెటారైజియం అనే బూజు పురుగు ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది, చచ్చిన పురుగు మీద పచ్చటి పొడి పడుతుంది. బాగా మాగిన పశువుల ఎరువులో ఆ పొడి కలిపి, నీడలో, చేత్తో పిండితే నీళ్ళు కారనంత తేమతో పది పదిహేను రోజులు ఉంచి, వేపపిండితో పాటు తెరిచిన పాదులో వేసి మట్టి కప్పాలి. పురుగుల్ని చంపే నులిపురుగుల ద్రావణాలు కూడా దొరుకుతాయి. అవి తడిలో ఈదుకుంటూ సొరంగంలోకి వెళ్ళగలవు. ఎండలో పోస్తే చచ్చిపోతాయి, కాబట్టి సాయంత్రం పాదు తడిపాక వేయాలి. ఈ రెండూ మెల్లగా పనిచేస్తాయి. వీటి మీద పెట్టుకోవాల్సిన ఆశ ఒక కాలానికి, ఒక వారానికి కాదు. బూజు వేసిన పాదులో శిలీంధ్రనాశిని పోయకండి, మీ చేత్తో మీరే దాన్ని చంపినట్టవుతుంది.

ఆకుల మీద పిచికారీ గురించి నాకున్న అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఈ పురుగు కోసం అది అనవసరం. మందు లోపలికి చేరదు. పూత కాలంలో కొడితే కాయ కట్టించే తేనెటీగలూ ఈగలూ చస్తాయి.

ఆరో అడుగు: గాయానికి పూత

రంధ్రం మూశాక చుట్టూ కత్తి తగిలిన బెరడంతటికీ బోర్డో ముద్ద పూయాలి. పది లీటర్లకు మైలుతుత్తం కిలో, సున్నం కిలో. నాలుగైదు చెట్లకైతే లీటరు నీళ్ళకి వంద గ్రాములు, వంద గ్రాములు చాలు. మైలుతుత్తాన్ని ప్లాస్టిక్ బక్కెట్లో సగం నీళ్ళతో రాత్రి నానబెట్టండి, ఇనుప పాత్ర వద్దు. సున్నాన్ని మిగతా సగం నీళ్ళలో నానబెట్టి, చల్లారాక వడకట్టాలి. నీలం నీళ్ళని సున్నపు నీళ్ళలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. ఆకాశం రంగులో చిక్కబడుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మెరిసే కత్తి మొనని అందులో ఒక నిమిషం ముంచండి. మొన మీద ఎర్రటి రాగి పొర పడితే సున్నం తక్కువైంది, ఇంకొంచెం కలపండి. కత్తి తెల్లగానే ఉంటే పూయడానికి సిద్ధం. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు.

ఇది పురుగుని చంపదు, గాయంలోకి బూజు చేరకుండా కాస్తుంది. రెండూ ఒకటనుకుని రంధ్రాన్ని శుభ్రం చేయకుండా పైన పూసి వదిలేసినవాళ్ళని చూశాను. లోపల పురుగు హాయిగా ఉంటుంది.

ఏడో అడుగు: వానలకు ముందు మొదటిని కాపాడటం

ఏప్రిల్ మూడో వారం నుంచి మే పదిహేను లోపు ఈ పని అయిపోవాలి. మొదటి నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఊడిన, పగిలిన బెరడుని మెల్లగా గీరి తీసేయండి. పగుళ్ళే దానికి పురిటిగది. ముదురు చెట్లకి ఒక పాలు తారు, రెండు పాళ్ళు కిరోసిన్ కలిపి పూయమని పాత సలహా. గుడ్లు పెట్టకుండా బాగానే ఆపుతుంది. అయితే మన ఎండకి నల్లటి తారు వేడెక్కుతుందని నేను పదేళ్ళు దాటిన చెట్లకే, అదీ పడమటి ఎండ పడని వాటికే పూస్తాను. మిగతావాటికి బోర్డో ముద్దే. వానాకాలంలో కొట్టుకుపోతే ఆగస్టులో మళ్ళీ ఒకసారి.

పురుగు బయటికి రావాల్సిన పాత చెట్లకి ఇంకో ఉపాయం చేస్తున్నాను. మొదటి చుట్టూ నాలుగడుగుల ఎత్తున సన్నకన్నుల నైలాన్ వల వదులుగా చుట్టి, పైనా కిందా కట్టేయడం. బయటికొచ్చిన పురుగు వల లోపలే చిక్కుతుంది, పొద్దున చేత్తో తీసేయొచ్చు. జపాన్‌లో చెర్రీ చెట్లని ఇలాంటి పొడుగు మీసాల పురుగు నుంచి ఇదే పద్ధతిలో కాపాడుతున్నారు. వల బెరడుకి అంటుకుని ఉండకూడదు, అంటుకుంటే కొరికేసి పోతుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రిపూట షెడ్డు దీపం కింద ఒక వెడల్పు టబ్బులో సబ్బునీళ్ళు పెట్టి ఉంచండి. పడ్డ ప్రతి ఆడపురుగూ వందకి పైగా గుడ్లు తప్పించినట్టే. పొద్దున్నే తోటలో తిరుగుతూ మొదళ్ళ మీద కూర్చున్నవాటిని ఏరడం పిల్లలకి అప్పజెప్పొచ్చు, మా పిల్లలు డబ్బా పట్టుకుని పోటీ పడతారు.

గట్ల మీద బూరుగు, మేడి, ఎండిన పనస ఉన్నాయేమో చూసుకోండి. ఈ పురుగు వాటిలోనూ బతుకుతుంది. పచ్చటి చెట్టుని నరకమని నేను చెప్పను. దాని మొదటిని కూడా మామిడితో పాటే చూసుకోవాలి. నరికిన మామిడి మొద్దులూ ఎండుకొమ్మలూ మాత్రం తోటలో పేర్చి ఉంచకండి. కట్టెల కుప్పలోంచి కూడా జూన్‌లో పురుగులు బయటికొస్తాయి. ఏప్రిల్‌లోపు కాల్చేయాలి, లేదా పొయ్యిలోకి పోవాలి. కొత్త మొక్కలు పెట్టేవాళ్ళకి ఒక మాట: నీలం, హుమాయుద్దీన్ రకాలు ఈ పురుగుని కొంత తట్టుకుంటాయని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచిస్తుంది. బాదామి మీద మనసున్నవాళ్ళు బాదామే పెడతారు, అది నాకు తెలుసు. గట్టు వరసలోనైనా నీలం పెట్టండి.

కాపాడాలా, తీసేయాలా

చాలా కష్టమైన ప్రశ్న. జీడిమామిడిలో పాటించే లెక్క ఒకటుంది. మొదటి చుట్టూ బెరడు సగానికి మించి పోయినా, చెట్టంతా ఆకు పసుపెక్కినా ఇక అది కోలుకోదు, తీసేయాలి. మామిడికీ నేను అదే లెక్క పెట్టుకున్నాను. టేపుతో మొదటి చుట్టుకొలత కొలిచి, బతికున్న బెరడు ఎన్ని అంగుళాలుందో చూస్తాను. సగం కంటే ఎక్కువుంటే ఆశ ఉంది. అప్పుడు ఎండిన కొమ్మలు తీసేసి, ఆ ఏడు కాయల్ని చిన్నప్పుడే చాలావరకు రాల్చేసి, పాదుకి మాగిన ఎరువూ, వేసవిలో క్రమం తప్పకుండా నీళ్ళూ ఇవ్వాలి. కాయలు తెంపడానికి చెయ్యి రాదు, అయినా తెంపాలి. గాయం మాన్చుకునే చెట్టు చేత కాపు కూడా మోయించకూడదు.

సగం కంటే తక్కువుంటే, నాన్న పెట్టిందైనా సరే, వేళ్ళతో సహా తవ్వి తీసి, మొదలు ముక్కలు చేసి కాల్చాలి. పైన నరికి మొద్దు వదిలేస్తే లోపలున్నవన్నీ జూన్‌లో పక్క చెట్ల మీదికి వెళ్తాయి. గట్టు పక్కన విరిగిపడ్డ మా బాదామి విషయంలో ఆ పొరపాటు కూడా చేశాం. మొద్దు కదా అని వదిలేశాం. మరుసటి సెప్టెంబరులో దాని పక్కనున్న మూడు చెట్ల పాదుల్లో తడి మరకలు కనిపించాయి.

ఆ మూడింటిలో రెండు నిలబడ్డాయి. పురుగు తీసిన ప్రతి చెట్టుకీ ఒక రేకు ముక్క మీద తేదీ, ఎన్ని పురుగులు, ఏ వైపు అని మేకుతో గీసి కొమ్మకి తీగతో వేలాడదీస్తాను. తెల్లగుడ్డ నెల రోజులు కిందే ఉంటుంది. మూడు వారాలు వరసగా గుడ్డ శుభ్రంగా ఉంటేనే పాదు మూస్తాను. రెండో చెట్టు రేకు మీద "దక్షిణం, 4" అని ఉంది. ఆ రంధ్రం చుట్టూ ఇప్పుడు కొత్త బెరడు పెదవుల్లా ఉబ్బి రెండు వైపుల నుంచీ దగ్గరికొస్తోంది. మొన్న ఆదివారం కొలిచాను, రెండు అంచులకీ మధ్య ఇంకా రెండు వేళ్ళ ఎడం ఉంది.